మసి అంటిన పటం

శుభకృతు నామ సంవత్సరం, మాఘ శుద్ధ విదియ, ఆదివారం. పొద్దున్న ఎనిమిదింబావు అయింది. బ్రహ్మలింగాచారి గారి రథశాలలో ఎర్రగా కాలిన ఇనప పట్టాని కొత్త చక్రం మీదికి దించితే, అది దిగకుండా అంచు మీదే కూర్చుండిపోయింది.

ఆరుగురు మనుషులు పట్టకార్లతో పట్టుకుని ఉన్నారు. "నొక్కండి, నొక్కండి" అని ఒకరు, "ఆగండాగండి" అని ఇంకొకరు. పసుపు రాసి కుంకం బొట్లు పెట్టిన టేకు చక్రం అంచు చిటపటమని కాలింది. నల్లటి పొగ లేచింది. ఆ పొగలో పసుపు మాడిన వాసన.

"ఎత్తండి! ఎత్తి అవతల పడెయ్యండి!" అని అరిచాడు చిదంబరం.

పట్టా నేల మీద పడి ఖంగుమంది. రెండో పట్టా తెచ్చి చల్లగా ఉండగానే రెండో చక్రం మీద పెట్టి చూశారు. అదీ చిన్నదే. మూడోదీ, నాలుగోదీ అంతే. కాలిస్తే ఇనుము సాగేది వేలెడే. ఇక్కడ తక్కువ పడింది జాన.

రథోత్సవం జరిగే ఏకాదశికి తొమ్మిది రోజులుంది. పాత రథాన్ని కార్తీకంలోనే ఊడదీసి, పనికొచ్చే చెక్క పనికీ, పనికిరానిది కొలిమికీ వాడేశారు. కొత్త రథం కదలకపోతే ఆ యేడు స్వామి వీధిలోకి రారు. తుపాను వచ్చిన యేడు కూడా అలా జరగలేదని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు.

చిదంబరానికి ఇది మొదటి రథం. బ్రహ్మలింగాచారి గారి దగ్గర పద్నాలుగేళ్ళు శుశ్రూష చేసి, ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక ఒంటిగా గీసిన మొదటి పటం. ఆ పటాన్ని అతను దేవుణ్ణి చూసుకున్నట్టు చూసుకునేవాడు. గట్టి గుడ్డకి గంజి పెట్టి, ఎండబెట్టి, నునుపు చేసి, దాని మీద శిఖరం నుంచి చక్రం దాకా నూట ఎనభై ఆరు భాగాలు సన్నటి గీతల్లో గీశాడు. పసుపు పట్టుగుడ్డలో చుట్టి టేకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. తాళంచెవి మొలతాడుకి. కాళ్ళు కడుక్కోకుండా ఆ పెట్టె తెరిచేవాడు కాదు, ఇంకొకర్ని తెరవనిచ్చేవాడూ కాదు.

అలాంటి పటంలోంచి పుట్టిన చక్రం అందరి ఎదుటా మాడింది.

చిదంబరం తిన్నగా కొలిమి వైపు నడిచాడు. కొలిమి రథశాలకి ఎదురుగా, వాకిలికి ఆ చివర. మధ్యలో మొండిగోడ ఒకటి. కొలిమి పెద్ద అప్పన్న అక్కడే నిలబడి, నేల మీద పడున్న పట్టా వంక చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి. ముప్ఫయ్యేళ్ళుగా ఆ కొలిమి ఆయనదే. చిదంబరం ఆయన్ని చిన్నప్పట్నుంచీ బాబాయ్ అని పిలిచేవాడు. ఆ రోజు పిలవలేదు.

"అప్పన్నా! కళ్ళు కనిపిస్తున్నాయా నీకు? జానెడు! జానెడు తక్కువ చేస్తావా! బండి చక్రాలనుకున్నావా, ఎవడి పొలంలోకో తోలుకుపోతారనుకున్నావా?"

అప్పన్న తలెత్తాడు. "నాకిచ్చిన కొలతకే చేశాను అబ్బాయ్."

"ఎవడిచ్చాడు ఆ కొలత?"

"నేనిచ్చాను" అంది పేరిందేవమ్మ.

పేరిందేవమ్మ బ్రహ్మలింగాచారి గారి చెల్లెలు. ముప్ఫయ్యో యేట భర్త పోతే పుట్టింటికొచ్చి, రథశాల సరంజామా అంతా తన చేతిలోకి తీసుకుంది. ఏ కర్ర ఏ నెలలో కోయించాలి, ఏది ఎన్నాళ్ళు ఆరాలి, ఏ ఇనుము ముందు కొలిమికెక్కాలి, ఏ పని ఎవరికి చెప్పాలి, అన్నీ ఆవిడ చిట్టాలో ఉంటాయి. పొడుగాటి పుస్తకం, నల్ల అట్ట. దాని వీపు మూడుసార్లు కుట్టింది. బొడ్లో దోపిన పెన్సిలు తీసి ఒక వరస కొట్టేసిందంటే ఆ భాగం పూర్తయినట్టు. రోజూ దీపారాధన అయ్యాక మొదట తెరిచేది ఆ చిట్టానే.

ఆవిడ చిట్టా తెరిచి, వేలు పెట్టి, అందరికీ వినబడేలా చదివింది. "చక్రాలు నాలుగు. నిలువు నాలుగడుగుల ఆరంగుళాలు. పట్టాలు నాలుగు, అదే చుట్టుకి. విజయదశమి నాడు నీ నోటితో నువ్వు చెప్పావు, నేను రాసుకున్నాను. కింద నీ సంతకం కూడా ఉంది. చూస్తావా, కళ్ళజోడివ్వనా?"

"అది విజయదశమి నాటి మాట! ఆ తర్వాత మూడంగుళాలు పెంచాను."

"ఎప్పుడు?"

"కార్తీకంలో."

"ఎవరితో చెప్పావు?"

"వడ్రంగులతో చెప్పాను. పటంలో దిద్దాను."

"వడ్రంగులు నీ గదిలోనే కూర్చుంటారు, చెబితే వింటారు. మరి కొలిమికో?" ఆవిడ గొంతు పెరిగింది. "నీ పటం పెట్టెలో పడుకుని, కలలో వచ్చి చెబుతుందా మాకు?"

ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వు మింగేశారు. చిదంబరానికి చెవులు ఎర్రబడ్డాయి.

"అత్తయ్యా, మీకేం తెలుసని మాట్లాడుతున్నారు? దక్షిణవీధి మలుపులో యేటా రథం కూరుకుపోతోంది. నేను వెళ్ళి ఆ గాడి లోతు కొలిచాను. మూడంగుళాలు పెంచితే కూరుకోదు. ఆ లెక్క వేసింది నేను! చక్రం తప్పు కాదు, చక్రం సరైనదే. చేసేవాడికి బుద్ధుండాలి. ఏ కమ్మరైనా చక్రాన్ని కొలుచుకునే పట్టా చేస్తాడు. ఊళ్ళో ఎడ్లబండికి చేసేవాడు కూడా!"

ఆ మాటకి అప్పన్న ముఖం మారింది.

"కొలవనిచ్చావా?" అన్నాడు మెల్లిగా. "మీ చక్రాలకి పసుపు రాసి, కొత్తగుడ్డ చుట్టి, లోపల పెట్టి తలుపేశారు. ముహూర్తం దాకా నిప్పు చెయ్యి వాటి మీద పడకూడదంటారు. అది ఈ శాల ఆచారం, నేను కాదనను. కానీ వెనకటి రోజుల్లో గుడ్డ చుట్టేముందు అయ్యగారే కొలిమికొచ్చి కూర్చునేవారు. చక్రం చుట్టూ పెట్టిన తాడు తెచ్చి నా చేతిలో పెట్టేవారు. ఈసారి నువ్వు రాలేదు. తాడూ రాలేదు."

"అడగొచ్చుగా!"

"అడిగాను."

"ఎప్పుడడిగావు? అబద్ధం!"

"ఆయన కాదు, నేనడిగాను" అంది పేరిందేవమ్మ. చిట్టా మూసింది. "పుష్యమాసంలో, ముక్కోటి మర్నాడు. నువ్వు చీటీ రాసి తెప్పించిన ఇనప బార్లు కొలిమికొచ్చాయి. అప్పన్న నాతో అన్నాడు, అమ్మా, బార్లు జానెడు పొడుగ్గా వచ్చాయి, పటంలో ఏమన్నా మారిందేమో కనుక్కోండి అని. నీ గది గుమ్మంలోకొచ్చి నిలబడ్డాను. నువ్వు శిఖరానికి తామరరేకులు గీస్తున్నావు. తలకూడా తిప్పలేదు. ఏమన్నావో గుర్తుందా?"

చిదంబరానికి గుర్తుంది. ఆ రోజు తామరరేకు వంపు ఎంతకీ కుదరలేదు. గుమ్మంలో నీడ పడితే విసుగొచ్చింది. తనే అన్నాడు: "పటం సంగతి మీకెందుకు అత్తయ్యా? చెప్పిన కొలత కొట్టించండి, చాలు."

చెప్పిన కొలత కొట్టించింది ఆవిడ. ఎక్కువైన ఇనుము కోసి పక్కన పెట్టించింది.

చిదంబరానికి అది గుర్తొచ్చింది కానీ కోపం తగ్గలేదు. గుర్తొచ్చినందుకే ఇంకా పెరిగింది. కొందరికి అలాగే ఉంటుంది. తప్పు తనవైపు జరిగిందని తెలిసేకొద్దీ గొంతు లేస్తుంది.

"నాకదంతా తెలీదు! తొమ్మిది రోజుల్లో స్వామి రథమెక్కాలి. చక్రం మీద చెయ్యి వేసే అర్హత లేనివాళ్ళని పెట్టుకుంటే ఇంతే. గురువుగారూ!" అని వెనక్కి తిరిగాడు. "ఈ కొలిమి పెద్దని మార్చండి. ఇతనుంటే నేను రథం నిలబెట్టను. ఇప్పుడే తేల్చండి, అతనో నేనో."

అప్పన్న మెడ వెనక్కి చేతులు పోనిచ్చి, ముందు కట్టుకున్న తోలుగుడ్డ ముడి విప్పాడు. దాన్ని మడిచాడు. ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద పెట్టాడు. దాని మీద సమ్మెట పెట్టాడు. ముప్ఫయ్యేళ్ళుగా కొలిమిలో ఉన్న మనిషి అలా రెండు వస్తువుల్ని పెట్టి వెళ్ళిపోబోవడం చూసి, పేరిందేవమ్మ చిట్టాని గుండెకి అదుముకుంది.

"ఆగు అప్పన్నా" అన్నారు బ్రహ్మలింగాచారి గారు.

ఆయన అప్పటిదాకా దుంగ మీద కూర్చునే ఉన్నారు. డెబ్భై ఆరేళ్ళు. చెయ్యి వణుకుతుంది కానీ చూపు వణకదు. కోపం వస్తే ఆయన అరవరు. ముక్కుపుటాలు తెల్లబడతాయి. ఆ ఇంట్లో వాళ్ళకి ఆ తెలుపు తెలుసు. అది చూస్తే వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోతుంది. ఆ పొద్దున్న ఆయన ముక్కు సున్నం కొట్టినట్టుంది.

"చిదంబరం, పటం తీసుకురా."

"ఇప్పుడా, గురువుగారూ?"

ఆయన మళ్ళీ చెప్పలేదు.

చిదంబరం నూతి దగ్గరికెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. చేతులు కడుక్కున్నాడు. లోపలికెళ్ళి పెట్టె తెరిచాడు. పట్టుగుడ్డతో సహా పటాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని వచ్చాడు. మనసులో కొంచెం తేలికపడ్డాడు. పటం చూస్తే తెలుస్తుంది, దిద్దిన కొలత ఎర్రసుద్దతో స్పష్టంగా ఉంది. తప్పెవరిదో అందరికీ తెలుస్తుంది.

గురువుగారు పట్టుగుడ్డ విప్పి అతని భుజం మీద వేశారు. పటం తీసుకుని లేచారు. అడుగులో అడుగు వేసుకుంటూ వాకిలి దాటారు, మొండిగోడ దాటారు, కొలిమిలోకి వెళ్ళారు. వంగి, దాగలి పక్కన బొగ్గుపొడి మీద, ఇనప రవ్వల మీద ఆ పటాన్ని పరిచారు.

"గురువుగారూ!" చిదంబరం పరుగెత్తాడు. "మసి! మసవుతుంది! కింద..."

గురువుగారు కుడిచేత్తో అతణ్ణి ఆపారు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. అతను ఆగిపోయాడు.

పటం ఒక మూల మీద సమ్మెట పెట్టారు. ఇంకో మూల మీద పట్టకారు. చెల్లెలి వైపు చెయ్యి చాపితే, ఆవిడ చిట్టా ఇచ్చింది. మూడో మూల మీద అది పెట్టారు. నాలుగో మూలకి ఏమీ దొరక్క, కాళ్ళకున్న పావుకోళ్ళలో ఒకటి విడిచి పెట్టారు.

"అప్పన్నా. కూర్చో. చూడు."

అప్పన్న నిలబడే ఉన్నాడు. "నా చేతులు మసి, అయ్యగారూ."

"అందుకే."

అప్పన్న కూర్చున్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా రథాలకి ఇనుము కొట్టిన మనిషి, ఒక రథం పటాన్ని కూర్చుని చూడటం అదే మొదటిసారి. పై నుంచి కిందికి చూడలేదు. తలొంచి ముందు అడుగు భాగం చూశాడు. చక్రం మీద చూపుడువేలు పెట్టాడు. వేలు తీసేసరికి అక్కడ నల్లటి ముద్ర.

చిదంబరం భుజం మీది పట్టుగుడ్డతో దాన్ని తుడవబోయి ఆగాడు.

"ఇదిగో అమ్మా, ఎర్రగా దిద్దారు" అన్నాడు అప్పన్న. "నాలుగడుగుల తొమ్మిది."

పేరిందేవమ్మ పక్కన గొంతుక్కూర్చుని, మూల మీది చిట్టా తీయకుండానే పుట తిప్పింది. "శిఖరం పైన, చక్రం అడుగున. నీ పటం దేవుణ్ణి చూసినట్టు పై నుంచి కిందికి ఉంది చిదంబరం. నా చిట్టా పని చూసినట్టు కింది నుంచి పైకి ఉంటుంది. నువ్వు అట్టడుగున గీసేది నాకు అన్నిటికంటే ముందు కావాలి. అడుగున ఉన్నది మారితే నాకు మొదటి పుటే మారుతుంది. ఆ సంగతి నువ్వెప్పుడూ అడగలేదు."

అప్పన్న వేలు చక్రం మధ్యకి జరిగింది. అక్కడ ఆగింది. ఇంకో మసి ముద్ర.

"అబ్బాయ్. ఇరుసు కూడా మార్చావా?"

"చక్రం పెద్దదైంది కాబట్టి ఇరుసు అరంగుళం లావు చేశాను" అన్నాడు చిదంబరం. గొంతులో ఇంకా వేడి ఉంది. "అది చెక్కేశారు. బాగానే ఉంది."

"మరి చీలలు?"

చిదంబరం పటంలో చీలల కొలత కోసం వెతికాడు.

అప్పన్న లేచి గోడ దగ్గరికి వెళ్ళి, గోనెసంచిలోంచి నాలుగు ఇనప చీలలు తెచ్చి పటం పక్కన పెట్టాడు. చక్రం ఇరుసులోంచి జారిపోకుండా ఇరుసు చివర దిగ్గొట్టేవి. మెరుగుపెట్టి, నూనె రాసి ఉన్నాయి. "మొన్ననే పూర్తి చేశాను. చిట్టాలో ఉన్న పొడుగుకే. ఇరుసు అరంగుళం లావైతే ఇవి లోపలే మునిగిపోతాయి. చివర అవతలికి రాదు. రాకపోతే మడత పెట్టడానికుండదు." ఒక చీల చేతిలోకి తీసుకుని తూచినట్టు చూశాడు. "దిగ్గొడితే దిగుతుంది. బిగుతుగానే ఉంటుంది. ఎవరికీ తెలీదు కూడా. రెండు వీధులు బాగానే నడుస్తుంది."

"ఆ తర్వాత?" అంది పేరిందేవమ్మ.

అది చెప్పక్కర్లేదు. రెండు వీధుల తర్వాత వచ్చేది దక్షిణవీధి మలుపు. అక్కడ రథాన్ని పక్కకి లాగాలి. మోకులు పట్టుకుని మూడొందల మంది, అరుగుల మీద ఆడవాళ్ళు, భుజాల మీద పిల్లలు.

పట్టా చిన్నదైతే కనిపిస్తుంది. అంచు మాడి, అందరి ఎదుటా పరువు పోతుంది, అంతే. చీల పొట్టిదైతే కనిపించదు.

ఆ పొద్దున్న పట్టా ఎక్కకపోవడం స్వామి దయ అని ఆ ఇంట్లో ఇప్పటికీ అనుకుంటారు.

చిదంబరం పటం వంక చూశాడు. శిఖరం దగ్గర తామరరేకులు తెల్లగా, నునుపుగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. ఎంత బాగా కుదిరాయవి! కింద, చక్రం దగ్గరా ఇరుసు దగ్గరా రెండు నల్లటి వేలిముద్రలు.

"తప్పు నాదిరా" అన్నారు గురువుగారు. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు, ఒక కాలికి పావుకోడు, ఒక కాలు బొగ్గుపొడిలో. ఆ గొంతులో ఓదార్పు లేదు, కోపం అలాగే ఉంది. "గీత నేర్పాను. వాకిలి దాటడం నేర్పలేదు."

చిదంబరం ఏదో అనబోయాడు. క్షమించమనో, తనకి తెలియలేదనో. ఆయన వినలేదు.

"మసి అంటుతుందని దాచావు. దాస్తే పటం మిగులుతుంది. రథం మిగలదు."

అంతే అన్నారు. రెండో పావుకోడు కూడా అక్కడే వదిలేసి, ఉత్తకాళ్ళతో ఇంట్లోకి వెళ్ళిపోయారు.

కొలిమిలో బొగ్గులు బూడిద కడుతున్నాయి.

"ఇది సరిచేసే దారుందా?" అన్నాడు చిదంబరం చివరికి. ఎవరి వంకా చూడకుండా అన్నాడు.

పేరిందేవమ్మ చురుగ్గా చూసింది. "ఎవర్నడుగుతున్నావు? కొలిమి పెద్దని మార్చమన్నావుగా. కొత్తాయన వచ్చాక అడుగు."

చిదంబరం తలొంచుకున్నాడు. అప్పన్న దాగలి మీది తోలుగుడ్డ వంక చూశాడు. దాన్ని తీసుకోలేదు.

"ఎడ్లబండి కమ్మరి అన్నావు నన్ను" అన్నాడు. "అనొచ్చు. చేశాను, ఎడ్లబండ్లకీ చేశాను. వాటిల్లోనూ మనుషులే ఎక్కుతారు. నా చేతి పట్టా ఊడి ఒక్క బండీ పడలేదు."

"అన్నాను" అన్నాడు చిదంబరం. "అనకూడదు."

అప్పన్న కొలిమి వెనక్కి వెళ్ళాడు. అక్కడ పాత ఇనుము కుప్పలోంచి ఒక్కొక్కటే తీసుకొచ్చి నాలుగు ముక్కలు నేల మీద వరసగా పరిచాడు. జానకి రవంత ఎక్కువ ఒక్కొక్కటి. బార్ల నుంచి కోసిన ముక్కలు. పేరిందేవమ్మ పారేయనివ్వలేదు. చిట్టా చివరి పుటలో రాసిపెట్టింది: 'బారు ముక్కలు నాలుగు, దేనికో తెలీదు, ఉంచాలి.'

"చీలలంటే కొత్తవి కొట్టొచ్చు. పట్టా మాత్రం తెరిచి ఈ ముక్క కలిపి అతకాలి. ఒక్క అతుకు చోట రెండు అతుకులవుతాయి" అన్నాడు అప్పన్న.

"ఊడదూ?"

అప్పన్న అతని కళ్ళలోకి చూశాడు, చాలాసేపు. "నా అతుకు ఊడదు. తిత్తి ఆపకుండా ఆడించేవాడుంటే."

చిదంబరం భుజం మీదున్న పసుపు పట్టుగుడ్డ తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి తలకి చుట్టుకున్నాడు. వెళ్ళి తిత్తి దగ్గర కూర్చుని పిడి పట్టుకున్నాడు.

అప్పన్న తోలుగుడ్డ తీసి కట్టుకున్నాడు.

ఆ రోజు చిదంబరం మధ్యాహ్నం మూడింటిదాకా తిత్తి వదల్లేదు. మొదటి అతుకు కుదిరేసరికి అతని అరచేతులు బొబ్బలెక్కాయి. "ఊదు, ఊదు, ఆపితే చచ్చావ్" అని అప్పన్న కసురుతూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి, "గీతలు గీసే చేతులు, ఇంతే మరి" అని కూడా అన్నాడు. చిదంబరం ఊదుతూనే ఉన్నాడు. పేరిందేవమ్మ మజ్జిగ తెచ్చి అప్పన్నకి ఇచ్చింది. అతనికి ఇవ్వలేదు. చెంబు మాత్రం అతనికి అందేంత దూరంలో పెట్టి, మాట్లాడకుండా వెళ్ళింది. మూడు రోజుల దాకా ఆవిడ అతనితో మాట్లాడలేదు. మంచిదే, మనిషన్నాక ఆ మాత్రం ఉండాలి.

పటం అక్కడే, నేల మీదే ఉంది. సాయంత్రానికి దాని మీద ఇంకో పదకొండు వేలిముద్రలు పడ్డాయి. వాటిలో నాలుగు చిదంబరానివి.

మర్నాడు సోమవారం. పొద్దున్నే స్నానాలయ్యాక ఆ ఇంటి ఆడవాళ్ళు సున్నం నానబెట్టిన కుండలు బయటికి తెచ్చారు. రథశాలకీ కొలిమికీ మధ్యనున్న మొండిగోడని ఈ వైపూ ఆ వైపూ తెల్లగా కొట్టారు. పేరిందేవమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని, పైదాకా అందక ముక్కాలిపీట వేసుకుని మరీ కొట్టింది. గురువుగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. ఆయన ముక్కు మీది తెలుపు ఇంకా పూర్తిగా పోలేదు.

టేకు పెట్టె ఖాళీ చేసి వంటింట్లోకి చేర్చారు. తాళం తీసేసి, అందులో కొత్త చింతపండు పోశారు.

సున్నం ఆరేసరికి ఎండ గోడ మీదికొచ్చింది. వచ్చీపోయేవాళ్ళందరికీ కనబడేలా పటాన్ని గోడ మీదికెక్కించాలని, చిదంబరం కొలిమికెళ్ళి ఒక బొగ్గుముక్క తెచ్చుకున్నాడు. బొబ్బలెక్కిన వేళ్ళతో దాన్ని పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. శిఖరం కోసం చెయ్యి పైకెత్తాడు. ఆగాడు. చెయ్యి దించి, వంగి, గోడ అడుగున, నేలకి మూరెడెత్తున చక్రం గీయడం మొదలుపెట్టాడు.

సగం చుట్టు గీసి, గోడ పక్కనుంచి అవతలికి తల పెట్టి పిలిచాడు.

"బాబాయ్! ఓసారి ఇటు రావా? మిగతాది గీసేముందు నిన్నడగాలి."